సామ్యూల్ కోసం తవ్విన గుంత

ఇచ్చోడ దాటినంక పెద్ద రోడ్డు ఇడిచి లోపలికి తిరిగితే, పత్తిచేన్ల నడుమ ఒక చిన్న మిషన్ చర్చి కనపడుతది. ఆ ఊరి పేరు మాత్రం నన్ను అడగద్దు. చెప్పిన్నంటే రేపే మీలో ఎవరో ఒకరు బండేసుకొని పోయి, “గా గుంత ఎక్కడుండె, జర చూపెట్టుండ్రి” అని వాళ్ల పానం తింటరు. వాళ్లు మళ్ల నన్ను పట్టుకొని తిడుతరు. ఎందుకొచ్చిన లొల్లి చెప్పుండ్రి.

ఆ రోజు కోత పండుగ. చలికాలం ఎండ ఇంపుగ కాస్తున్నది. పండిన దాంట్ల మొదటిది తెచ్చి దేవుని ముందర పెట్టుడు అక్కడి రివాజు. పత్తి మూటలు, జొన్న కంకులు, కందికాయ, గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసిన కోళ్లు, అన్నీ చర్చి అరుగు మీద కుప్పపడ్డయి. ప్రార్థన అయినంక వాటిని హర్రాజు పెడుతరు. ఏటేటా ఆ హర్రాజు పాడేది సామ్యూల్. ఆరడుగుల మనిషి, మైకు అక్కర లేని గొంతు. ఆయన చేతికెత్తిన వస్తువు కొనకుంటే పాపం తగులుతదేమో అన్నట్టు జనం ఎగబడి పాడుతరు.

“గీ గుమ్మడికాయ సూడుండ్రి! అచ్చం మన బెంజమిన్ పెద్దయ్య బొజ్జ తీరుగున్నది. ఎవలింటికి తీస్కపోతరో పాడుండ్రి!” అనుకుంట భుజం మీదికి ఎత్తిండు. బెంజమిన్ సంఘం పెద్ద. ఆయన కూడా బొజ్జ నిమురుకుంట నవ్విండు. ఆడోళ్లు కొంగులు అడ్డం పెట్టుకొని నవ్విండ్రు.

గుమ్మడికాయ కింద పడ్డది. పగిలి గింజలు చెల్లాచెదురైనయి. దాని మీద సామ్యూల్ పడ్డడు.

ఇది కూడా ఆయన నకరాలే అనుకొని జనం ఇంకా నవ్వుతనే ఉన్నరు. ఆ నవ్వుల నడిమిట్లకెళ్లి ఉరికొచ్చింది స్తుతి. సామ్యూల్ పెద్దబిడ్డ. ఆదిలాబాద్‌ల ఒక ప్రైవేటు దవాఖానల ఐసీయూ నర్సు. మొగడు దుబాయిల ఉంటడు, ఆమె టౌన్ల కిరాయికి ఉంటది. పండుగకని లీవు పెట్టి వచ్చింది. తండ్రి మెడ మీద రెండు వేళ్లు పెట్టి చూసింది. ఏమీ లేదు. గుండె ఆగిపోయింది.

ఆమె ఇగ ఎవరి మొకం చూడలే. మోకాళ్ల మీద కూర్చొని, తండ్రి ఛాతీ మీద రెండు చేతులు పెట్టి ఒత్తుడు మొదలుపెట్టింది. లోపల పక్కటెముక టప్పున ఇరిగిన చప్పుడు దగ్గరున్నోళ్లందరికి వినపడ్డది. “అయ్యో దేవుడా, సచ్చినోని బొక్కలు ఇరగ్గొడుతున్నది పిల్ల” అని ఒక ముసలామె ఏడ్చింది. సామ్యూల్ మొకం అప్పటికే మసిబారింది. పెదవులు నల్లబడ్డయి. అంబులెన్స్ వచ్చి ఎక్కించుకొని పోయేదాక అందరు చూసింది చచ్చిన మనిషినే.

అందుకనే ఆ తర్వాత ఊర్లె జరిగిన దానికి ఎవరినని తప్పు పడుతం?

అంబులెన్స్ల కరెంటు షాక్ ఇచ్చిండ్రు. ఒకపారి రాలే. రెండోపారి రాలే. ఆదిలాబాద్ జిన్నింగు మిల్లులు కనపడే యాల్లకు, స్తుతి చేతుల కింద ఆ గుండె మళ్ల కొట్టుకున్నది. పక్కన కూర్చున్న ఆమె తల్లి మగ్దలేనమ్మ, ఎక్కినప్పటి సంది మొగని చెవుల ఒకటే మాట చెప్తున్నది.

“భయపడకు... ప్రభువున్నడు. నిమ్మలంగ ఉండు... భయపడకు.”

స్తుతి పనిచేసే దవాఖానకే తీసుకపోయిండ్రు. ఆ ఐసీయూకు కిటికీలు లేవు. లోపల పగలో రాత్రో తెల్వదు. ఎప్పటికి ఒకటే తెల్లటి లైటు, ఏసీ సల్లదనం, స్పిరిట్ వాసన. మిషన్ల టిక్కు టిక్కు. స్తుతికి అది రోజూ తిరిగే జాగ. అయితే ఆ మంచం మీద బాపును చూసేసరికి అదే జాగ పరాయిగ కొట్టింది. ఆక్సిజన్ మాస్కు కింద ఆయన మొకం ఏ చింతా లేకుంట ఉన్నది. పొలం పని చేసొచ్చి అరుగు మీద ఒరిగితే ఎట్లుంటడో గట్లనే ఉన్నడు.

బీపీ మాత్రం దిగుతున్నది. నిలబెట్టే మందు ఎక్కిస్తున్నా దిగుతనే ఉన్నది.

డాక్టర్ సాయిచంద్ కరీంనగర్ మనిషి. చిన్న వయసే, మాట మంచిది. రక్తం రిపోర్టు చూసి తల్లీబిడ్డలను పక్కకు పిలిచిండు.

“అమ్మా, మీకు కూడా సమజయ్యేటట్టు చెప్తా. పత్తిచేన్ల పులి ఎదురైతే ఏమైతది? గుండె దడదడ కొట్టుకుంటది, కాళ్లకు యాడలేని బలం వస్తది. ఎందుకంటే ఒంట్లె ఒక హార్మోన్ ఊరుతది, కార్టిజోల్ అంటం. గుండె ఆగి మళ్ల నడిచిన మనిషికి, ఒంటి లెక్కల అది పులి ఎదురైనంత ఆపద. ఆ హార్మోన్ మస్తుగ పెరగాలె. పెరిగినోళ్లే ఎక్కువగ బతికి బయటపడుతరు. ఈయన రక్తంల అది అడుగంటి ఉన్నది. ఒంటికి భయమే పుట్టలే.”

“భయం లేకుంటే మంచిదే గద సారూ?” అన్నది మగ్దలేనమ్మ.

“ఇప్పుడు కాదమ్మా. ఇప్పుడు నిమ్మలంగ ఉన్నోడు నిమ్మలంగనే పోతడు. సూది మందు తెప్పిస్తున్న, చూద్దాం.”

మగ్దలేనమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకున్నది. పొద్దటి సంది ఆయన చెవుల తను పోసిందేంది మరి? పాపం, ఆమె మళ్ల మంచం దగ్గరికి పోయి నిలబడ్డది గాని, నోరు తెరవలే. ఏం చెప్పాలె? నలభై ఏండ్ల సంసారంల ఆమెకు తెలిసిన ఓదార్పు అదొక్కటే.

సూది మందు ఇంకా రాలే. స్తుతి బాపు పాదాలు పట్టుకొని చూసింది. ఐసు తీరుగున్నయి. దుప్పటి సరిచేసి, మానిటర్ దిక్కు తిరిగింది. అంకెలు ఇంకా దిగుతున్నయి. ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నర్సమ్మకు ఆ అంకెలు ఎటు పోతున్నయో ఒకరు చెప్పాల్నా?

అప్పుడు వాసన వచ్చింది.

తడి మట్టి వాసన. పైపైన దున్నిన మట్టిది కాదు. లోతుల, ఎండ తగలని నల్లరేగడి మట్టిది. స్పిరిట్ వాసనను పక్కకు జరిపి మంచం చుట్టూ నిలబడ్డది.

“సృజనా, గీ వాసన ఏందే?” అని తోటి నర్సును అడిగింది.

“ఏ వాసనక్కా? ఏసీది కావచ్చు,” అన్నది సృజన.

స్తుతి మంచం దిక్కు చూసింది. ఇప్పుడే సరిచేసిన దుప్పటి, కాళ్ల దిక్కు చివరకు, కిందికి అణిగి ఉన్నది. ఎవరో కూర్చున్నట్టు.

ఆమె చేత్తో సాపు చేసింది. అది పైకి లేవలే.

సామ్యూల్ కాలి వేళ్లు కదిలినయి. తర్వాత పాదాలు... మెల్లగ... మెల్లగ... దుప్పటి లోపలికి ముడుచుకున్నయి. నిప్పుకు దూరం జరుపుకున్నట్టు జరుపుకున్నడు. కండ్లు తెరిచిండు. ఆ కండ్లు బిడ్డ దిక్కు తిరగలే, భార్య దిక్కు తిరగలే. మంచం కాళ్ల దిక్కే అతుక్కుపోయినయి. మాస్కు లోపల నోరు తెరిచిండు గాని గొంతు రాలే.

మానిటర్ కూత పెట్టింది. గుండె ఉరుకుతున్నది. బీపీ... ఎక్కుతున్నది.

డాక్టర్ ఉరికొచ్చిండు. సూది మందు ఎక్కియ్యకముందే మళ్లొకసారి రక్తం తీయించిండు. రిపోర్టు వచ్చినంక దాన్ని తిప్పి తిప్పి చూసిండు. “కమాల్! అడుగున ఉన్నది ఒక్కసారి ఆకాశానికి ఎక్కింది. మీ బాపు ఎవల్ని చూసి భయపడ్డడో గాని స్తుతీ, మంచి పని చేసిండు” అని నవ్విండు. స్తుతి కూడా నవ్వింది. నవ్వుకుంటనే మంచం కాళ్ల దిక్కు చూసింది. దుప్పటి అట్లనే అణిగి ఉన్నది.

పొద్దు ఇంకా వాలక ముందు స్తుతి తమ్ముడు స్టీఫెన్ బైక్ మీద వచ్చిండు. చేతుల నిండ నల్లమట్టి, గోర్లల్ల మట్టి, ప్యాంటు మోకాళ్ల దాక మట్టి. అద్దంల నుంచి తండ్రి ఊపిరి తీసుకునుడు చూసి, వరండల కూలబడి పసిపిల్లగాని తీరుగ ఏడ్చిండు.

“మేము... మేము గంట కొట్టిచ్చినం అక్కా,” అన్నడు.

“ఏం గంట?”

“చావు గంట. బాపు పోయిండనే అనుకున్నం. నీ ఫోను చర్చిల సంచిలనే మోగవట్టె, ఇగో తెచ్చిన. పండుగకొచ్చిన చుట్టాలంత ఉన్నరు, మళ్ల ఎవలొస్తరు, పొద్దు గూకకముందే మన్ను చేద్దామని బెంజమిన్ పెద్దయ్య గంట కొట్టిచ్చిండు. గుంత... గుంత కూడ తవ్వినం. నేనే తవ్విన అక్కా. బాపు పొడుగు మనిషని నిండుగ తవ్విన. తవ్వుడైపోయి పైకొచ్చి పారలు దులుపుతున్నం, గప్పుడు, బాపు బతికున్నడని అంబులెన్స్ పిలగాడు ఊర్లె ఎవలకో చెప్పిండని తెలిసింది.”

స్తుతి తమ్ముని చేతుల మట్టి దిక్కు చూసింది. “తవ్వుడు ఎప్పుడైపోయింది?”

“చాయ తాగే యాల్లకు.”

బాపు కండ్లు తెరిచింది ఆ యాల్లకే. ఇది ఆమె ఎవరికీ చెప్పలే.

వాళ్ల ఊర్లె ఒక పద్ధతి ఉన్నది. పేరు చెప్పి తవ్విన గుంతను ఉత్తగ ఉంచరు. మనిషి బతికొచ్చినా, ఇంకో ఊర్లె మన్నైనా, ఆ గుంతల తుమ్మ మొద్దు ఒకటి పడుకోబెట్టి, ఎవరి గుంతో వాళ్ల పేరు చెప్పి, ప్రార్థన చేసి పూడుస్తరు. పాస్టర్లకు ఈ మాట నచ్చదు. అయినా ఎన్ని తరాలకెళ్లి నడుస్తున్నదో, ఎవరు ఆపుతరు?

“పో కొడుకా, పోయి పూడ్సుండ్రి. గది నోరు తెరుచుకోనుండద్దు,” అన్నది మగ్దలేనమ్మ. స్టీఫెన్ కండ్లు తుడుచుకొని తిరుగు తొవ్వ పట్టిండు.

చీకటి పడే యాల్లకు స్తుతి మంచం పక్కనే ఉన్నది. వాసన ఇంకా ఉన్నది. బాపు కండ్లు ఇంకా అటే ఉన్నయి, చెంపల మీదికి నీళ్లు కారుతున్నయి. అంకెలు బాగున్నయి. అంకెలు బాగుండుడే కావాలె గద, ఇంకేం కావాలె, అని తనకు తను చెప్పుకున్నది.

అంతల వాసన తగ్గబట్టింది.

దుప్పటి మీద అణిగిన జాగ కొద్దికొద్దిగ పైకి లేస్తున్నది. సామ్యూల్ పాదాలు వదులైనయి. మొకం మీద గీతలు ఒక్కొక్కటే సాపైనయి. కండ్లు మూసుకున్నడు. ఎంత నిమ్మలం! చూసినోళ్లకు ముచ్చటేసేటంత నిమ్మలం.

బీపీ పడిపోయింది. సృజన మందు పెంచింది. ఇంకా పడిపోయింది.

స్తుతి వరండలకు ఉరికి తమ్మునికి ఫోన్ కొట్టింది. అటు దిక్కు పాట వినపడుతున్నది, పారల చప్పుడు వినపడుతున్నది.

“స్టీఫెన్! ఏం చేస్తున్నరు?”

“మొద్దు పెట్టినం అక్కా, బాపు పేరు చెప్పినం. మన్ను పోస్తున్నం.”

“ఆపుండ్రి! మన్ను తీయుండ్రి, మొద్దు తీయుండ్రి! గా గుంత ఎట్లున్నదో గట్ల ఉంచుండ్రి!”

“గట్లెట్ల అక్కా? పెద్దయ్య...”

“పెద్దయ్యను గంగల కలవమను! బాపు పోతుండురా! తీయ్!”

ఫోన్ల కొద్దిసేపు గొడవ, ఎవరెవరో అరుచుకునుడు. తర్వాత మొద్దును తాళ్లతోని లాగే చప్పుడు. స్తుతి ఫోన్ చెవికి పెట్టుకొనే మళ్ల లోపలికి వచ్చింది. మంచం కాళ్ల దిక్కు నిలబడ్డది. అంకెలు దిగుతున్నయి... దిగుతున్నయి... ఆమెకు ఏం తోచలే. చదువుకున్న పిల్ల, సంవత్సరాల సంది చావులు చూస్తున్న పిల్ల. వంగి, ఆ ఉత్త జాగకు గుసగుసగ చెప్పింది.

“పోకు... ఈడనే కూసో. నీ కాళ్లు మొక్కుత. పోకు.”

మట్టి వాసన వచ్చింది. దుప్పటి అణిగింది.

సామ్యూల్ కండ్లు తెరిచి, కాళ్లు ముడుచుకొని, వణికిండు. బతికిండు.

ఆ తర్వాతి రోజులు ఎట్ల గడిచినయో చెప్పాలంటే నాకే నోరు రాదు. ఆయన నిద్ర పోడు. నిద్ర మందు ఇద్దామని సృజన సిరంజి పట్టుకొస్తే స్తుతి చెయ్యి అడ్డం పెట్టింది. “మనిషి గింత పరేషాన్ అయితుంటే చూస్తవేందక్కా? నీ బాపు గాదా?” అని సృజన తిట్టింది కూడా. డాక్టర్ మాత్రం, “ఎట్లున్నోణ్ని అట్ల ఉండనియ్, బీపీ బాగున్నది” అన్నడు. స్తుతి ఆ మాట పట్టుకొని బతికింది. సొంత తండ్రిని తన చేతులతోని భయంల కట్టేసి కూర్చున్న బిడ్డ ఆమె. రోజూ బాత్రూంల నల్లా ఇప్పి ఏడ్చేది.

మాస్కు తీసినంక సామ్యూల్ మొదటిపారి మాట్లాడిండు. హర్రాజు పాడే గొంతు కాదు అది. దారపు పోగంత గొంతు.

“బిడ్డా... నా కాళ్ల కాడ ఎవలో కూసున్నడు. జర లేవమను.”

“ఎవరు లేరు బాపూ.”

“ఉన్నడు. అటు మళ్లి కూసున్నడు. ఈపు కనపడుతది.”

స్తుతి అటు చూడలే. “మొకం... చూసినవా?”

“లేదు. రోజుకింత ఇటు తిరుగుతుండు. ఇయ్యాల చెవు కనపడ్డది.”

ఆయన బిడ్డ చెయ్యి పట్టుకున్నడు. ఆ పట్టులున్న బలానికి ఆమె గాజు పగిలింది. మానిటర్‌ల బీపీ నిలువుగ, దిట్టంగ ఉన్నది. బాపూ, ఇంకొన్ని రోజులు, గుండె గట్టిపడేదాక ఇంకొన్ని రోజులు భయపడు, అని లోపల లోపల అనుకున్నది. అనుకున్నందుకు తన మీద తనకే ఉమ్మెయ్యాలనిపించింది.

పది రోజులైనంక ఇంటికి పంపిండ్రు. ఊరికి కాదు, ఆదిలాబాద్‌ల స్తుతి కిరాయి ఇంటికే. రెండు గదుల ఇల్లు. వెనక గదిల బాపు మంచం. ఆ గదిల కూడ అదే వాసన చేరింది. ఎన్నిసార్లు ఫినాయిల్ పెట్టి కడిగినా అదే వాసన. స్టీఫెన్ రోజూ ఫోన్ చేసి, “గుంత గట్లనే ఉన్నదక్కా, చూడవోతె పానం జల్లుమంటది, పూడ్సనియ్యి” అని బతిలాడేటోడు. “వద్దు” అనేది.

మగ్దలేనమ్మ ఏమీ అడగలే. అన్నం వండేది, మొగనికి తినిపించేది, బిడ్డ మొకం చూసేది. ‘భయపడకు’ అనే మాట మాత్రం మళ్ల ఆమె నోట్లకెళ్లి రాలే. ఒకనాడు పొద్దుగాల్ల, “ఊరికి పోయి కందులు, జొన్నలు తెస్త” అని బస్సెక్కింది. మామూలుగ పోయింది, ఎండ నెత్తి మీదికి వచ్చే యాల్లకు మామూలుగ వచ్చింది. సంచి ఉత్తగనే ఉన్నది. స్తుతికి ఆ మాట అడిగే తీరుబడి దొరకలే. ఎందుకంటే అప్పుడే బాపు పిలిచిండు.

ఆయన మొకంల మళ్ల కళ వచ్చింది. కాళ్లు చాపుకొని పండుకున్నడు! ఎన్ని రోజులకు ఆ కాళ్లు చాపుకున్నయి! స్తుతి ఉరికింది. బీపీ మిషన్ తెచ్చి కట్టింది. దేవుడా, ఇప్పుడు పడిపోతదా... పడిపోలే. మంచిగున్నది. నాడి మంచిగున్నది. పాదాలు ఎచ్చగున్నయి. ఏ భయం లేకుంట, ఏ వాసన లేకుంట, బాపు బతికే ఉన్నడు. ఆమె సంతోషానికి పట్టపగ్గాలు లేవు. మంచం పట్టె మీద తల పెట్టి గట్టిగ ఏడ్చింది.

“లేచిపోయిండు బిడ్డా,” అన్నడు సామ్యూల్. ఆయన గొంతు కొద్దిగ తన గొంతు తీరుగ వినపడ్డది.

“ఎప్పుడు బాపూ?”

“ఇయ్యాలనే. మొకం మొత్తం తిప్పిండు. నా దిక్కు చూడలే. లేచి గడప కాడికి పోయి నిలబడ్డడు. గప్పుడే మీ అవ్వ ఇంట్లకు వచ్చింది.” తలుపు దిక్కు చూసిండు. “ఆమె ఎన్క మళ్ల లోపలికి వచ్చిండు.”

స్తుతి తల ఎత్తింది.

వంటగదిల చప్పుడు లేదు. మగ్దలేనమ్మ ముందటి గదిల నిలబడి, కొంగుతోని చేతులు తుడుచుకుంటున్నది. ఎంత తుడిచినా వేళ్ల సందుల నల్లమట్టి పోతలేదు.

“అవ్వా... ఎటు పోయినవే?”

“గుంత పూడ్సొచ్చిన,” అన్నది.

“ఏంది?”

“నాకు తెల్వదనుకున్నవా బిడ్డా? దవాఖానల నువ్వు మంచం కాళ్ల కాడ వంగి బతిలాడింది నేను ఇన్నా. గంత చిన్నప్పటి సంది పెంచిన నా బిడ్డ, గా ఉత్త జాగకు మొక్కుడు నేను చూసిన. మీ బాపు వణుకుడు చూసిన. ఎన్ని రోజులు గిట్ల? నాతోని కాలే.” ఆమె గొంతుల కోపం లేదు. “గా మొద్దు నేనే దొర్లిచ్చిన. అక్క వద్దన్నదని స్టీఫెన్ మొత్తుకుంటనే ఉండె. మన్ను పోసేటప్పుడు పేరు చెప్పాలె గద... నా పేరు చెప్పిన.”

స్తుతి ముందటి గదిలకు ఉరికింది. తల్లి మణికట్టు పట్టుకున్నది. ఎండల నడిచొచ్చిన మనిషి చెయ్యి అది. ఐసు తీరుగున్నది. నాడి దొరకలే. వేళ్లు జరిపి వెతికింది. ఎక్కడో లోతుల ఒకటి కొట్టుకున్నది. ఇంకోటి కోసం ఎదురు చూసింది... చూసింది...

“భయమైతలేదా అవ్వా?”

“లే బిడ్డా. ఇయ్యాల పొద్దటి సంది ఏ భయం లేదు. మీ బాపు గురించి కూడ లేదు, నీ గురించి కూడ లేదు. నా జన్మల గింత నిమ్మలం ఎన్నడు లేదు.”

స్తుతి తమ్మునికి ఫోన్ చేసింది. ఎత్తంగనే స్టీఫెన్ ఏడుపు గొంతుతోని, “అవ్వ ఇన్లేదక్కా, ఏం చేయాలె? తవ్వాల్నా? తవ్వి మొద్దు తీయాల్నా? చెప్పక్కా!” అన్నడు. తవ్వమందామని నోరు తెరిచింది. వెనక గదిల కాళ్లు చాపుకొని, ఎన్నో రోజులకు గురక పెట్టి నిద్రపోతున్న బాపు కనపడ్డడు. నోరు అట్లనే ఉండిపోయింది. “చెప్పక్కా... తవ్వాల్నా వద్దా?” ఫోన్ల తమ్ముడు అడుగుతనే ఉన్నడు.

“నేను జరసేపు నడుము వాలుస్త బిడ్డా,” అన్నది మగ్దలేనమ్మ. జన్మల పగటి పూట పండుకొని ఎరగని మనిషి, నేల మీద చాప పరుచుకున్నది. చక్కగ, నిటారుగ పండుకున్నది.

స్తుతి ఫోన్ కింద పడేసి తల్లి మీద పడ్డది. రెండు భుజాలు పట్టి ఊపింది. “అవ్వా, లే! భయపడవే... నీకు దండం పెడుత, జర భయపడవే అవ్వా! నన్ను ఇడిసిపెట్టి పోతవా? బాపును ఇడిసిపెట్టి పోతవా? భయపడు!”

మగ్దలేనమ్మ బిడ్డ చెంప మీద సల్లటి చెయ్యి పెట్టి నవ్వింది. తర్వాత చాప చివరి దిక్కు చూసింది. ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూసింది.

పాదాలు రెండు మెల్లగ పక్కకు జరిపి, అక్కడ కూర్చునేంత జాగ చేసింది.